వ్యసన విముక్తి: వ్రతమును తితిక్షయును

మన భాషలో ‘వ్యసనము’ అను పదమునకు రెండర్థములు కలవు. దుఃఖమును వ్యసనమనియే అందుము; జూదము, పానము మొదలగు దురభ్యాసములను కూడ వ్యసనములనియే అందుము. పూర్వులు సప్తవ్యసనములని లెక్కించినపుడు ఈ రెండవ అర్థమును గ్రహించిరి. ఒకే మాట రెండింటిని చెప్పుట యాదృచ్ఛికమని తోచవచ్చును. కాని త్రాగుడునకు లోబడినవాని చెంత ఒక సాయంకాలము కూర్చుండి, వాని మాటలను ఓపికతో వినినచో, ఈ రెండర్థములు ఒకదానినుండి యొకటి పుట్టుచుండుట కనబడును. దుఃఖమును మఱచుటకై త్రాగును. త్రాగినందున దుఃఖము పెరుగును. పెరిగిన దుఃఖమును మఱచుటకై మరల త్రాగును.

ఇట్టివానికి లోకము రెండు విధముల సలహా నిచ్చును. “నీకు మనోబలము లేదు, ఉన్నచో నేడే మానివేయుదువు” అని కొందఱందురు. “పాపము, వాని బాధ వానిది, ఏమియు ననకుడు” అని మఱికొందఱందురు. మొదటివారు వాని దుఃఖమును చూడరు. రెండవవారు వాని ధర్మమును గుర్తుచేయరు. ఈ రెండు సలహాల నడుమ మనుష్యుడు నలిగిపోవుచుండును. ఇది కొలదిమంది విషయము కాదు. కేంద్ర ప్రభుత్వము పక్షమున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు జరిపిన పరిశీలన 2019లో వెలువడినది. మన దేశమున సుమారు 5 కోట్ల 70 లక్షలమంది మద్యమువలన హాని పొందుచున్నవారో, దానికి బానిసలైనవారో అయియున్నారని అందు తేలినది. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందినట్లు చెప్పిరి. మిగిలినవారు ఇంటివారి కన్నీటి నడుమ తమకు తోచిన ప్రయత్నము చేయుచు, ఓడిపోవుచున్నారు.

వారి యోటమికి కారణము సంకల్పము లేకపోవుటయేనా? ప్రతి ఉదయమును “ఇక త్రాగను” అని కన్నీటితో ప్రమాణము చేయువానికి సంకల్పము లేదనుట న్యాయము కాదు. వానికి లోపించినది సాయంకాలమున ఆ సంకల్పమును నిలుపుకొను విద్య. విద్య యనగా నేర్చుకొనదగినది, అభ్యాసముచేత వచ్చునది. ఈ విషయమున నేటి మనశ్శాస్త్రమునందలి ఒక చికిత్సా పద్ధతి మనకు ఉపకరింపగలదు. ఆంగ్లమున దానిని ‘డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ’ అందురు. విరుద్ధములుగా తోచు రెండు సత్యములను సమన్వయించుకొనుచు ప్రవర్తనను చక్కదిద్దుకొను చికిత్స యని దానిని మనము చెప్పుకొనవచ్చును.

దీనిని రూపొందించిన విదుషీమణి మార్షా లైన్‌హాన్. ఆమె 1943లో అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రమున జన్మించినది. 1961లో, పదునేడేండ్ల ప్రాయమున, హార్ట్‌ఫర్డ్ నగరములోని ఒక మానసిక వైద్యశాలలో చేర్పబడి, తన దేహమును తానే గాయపఱచుకొనుచు రెండేండ్లకు పైగా అచ్చట గడపినది. ఆమె బాధ మాదకద్రవ్యములది కాదు, భరింపరాని భావోద్వేగములది. ఆ నరకమునుండి బయటపడినచో మరల వచ్చి ఇతరులను బయటకు తెచ్చెదనని ఆమె దైవమునకు మ్రొక్కుకొన్నది. తరువాత మనశ్శాస్త్రమున పండితురాలై, సియాటిల్ నగరములోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి వహించి, ఈ చికిత్సను నిర్మించినది. దీనిపై తొలి శాస్త్రీయ పరీక్ష 1991లో ప్రకటింపబడినది. తన పూర్వకథను మాత్రము ఆమె 2011లో గాని బహిరంగముగా చెప్పలేదు. తాను బాల్యమున రోగిగా నున్న ఆ వైద్యశాలలోనే నిలువబడి చెప్పినది.

రోగులతో పనిచేయుచు ఆమె యొక చిక్కును గమనించినది. “నీవు మారవలెను” అని మాత్రమే చెప్పినచో రోగి అవమానము పొంది లేచిపోవుచుండెను. “నీవెట్లున్నను సరే” అని మాత్రమే చెప్పినచో వాని బాధ తీరకుండెను. ఉన్నదానిని ఉన్నట్లు అంగీకరించుట, మారుట అను రెండింటిని ఒకే చేతితో పట్టుకొనవలెనని ఆమె గ్రహించినది. మార్పునకు వలసిన ఉపాయములు మనశ్శాస్త్రమున కలవు. అంగీకారము నేర్చుకొనుటకు ఆమె క్రైస్తవ ధ్యానమార్గమును, జెన్ సాధనను ఆశ్రయించినది. కావున ఈ చికిత్సలో ధ్యానపరులకు పరిచితములగు విషయములు కనబడుట ఆశ్చర్యము కాదు. ఇందు నేర్పబడు నైపుణ్యములు నాలుగు భాగములు. మొదటిది సావధానత, అనగా ఈ క్షణమున లోపల వెలుపల ఏమి జరుగుచున్నదో తీర్పు చెప్పక చూచుట. రెండవది బాధకు ఓర్చుకొనుట. మన వేదాంత పరిభాషలో తితిక్ష. మూడవది భావములను అదుపుచేయుట. నాల్గవది ఇతరులతో మెలగు నేర్పు.

సంపూర్ణ వ్రతము, పడినవాని లేవనెత్తుట

వ్యసనపరులకై ఈ పద్ధతిని మలచినపుడు ఒక పాత వివాదము ఎదురైనది. పూర్ణముగా మానివేయుమనుట మేలా? లేక, జారిపడుట సహజమని ముందే చెప్పి, పడినపుడు నష్టము తగ్గించుకొను విధము నేర్పుట మేలా? మొదటి పక్షమున బలము కలదు; పూర్ణవ్రతము పట్టినవాడు ఎక్కువకాలము నిలుచును. ఐనను ఒక్క గుక్కతో వ్రతము భంగమైనచో “అంతయు పోయినది” అని నిస్పృహ చెంది సీసా ఖాళీ చేయును. ఆ విశ్వవిద్యాలయముననే యున్న అలన్ మార్లాట్ అను పండితుడు ఈ నిస్పృహను లోతుగా పరిశీలించెను. తొలి గుక్కకంటె, దాని తరువాత వచ్చు “నేనింతే” అను భావమే మనుష్యుని ఎక్కువగా ముంచునని ఆయన చూపెను.

లైన్‌హాన్, ఆమె సహచరులు రెండు పక్షములను కలిపిరి. మానియున్నంతవఱకు వ్రతము సంపూర్ణము. “ఎప్పుడైన కొంచెము” అను మాటకు అందు చోటులేదు. ఆ వ్రతమును జీవితాంతమునకు ఒక్కసారి మోయలేనివాడు, తాను నిక్కముగా నిలుపగలనని నమ్మిన కాలమునకే పట్టవచ్చును: ఒక దినము, ఒక గంట, అదియు కాకున్న ఐదు నిమిషములు. ఆ గడువు తీరగానే మరల పట్టవలెను. ఒకవేళ జారినచో, ఆ క్షణమున చికిత్సకుని మాట మారును. అపుడు నింద యుండదు; లేవుము, గాయమును చూచుకొనుము, ఏ రాయి తగిలినదో గుర్తింపుము, మరల నడువుము అని చెప్పబడును.

తిరుమలకు కాలినడకన పోవు భక్తుని చూడుడు. కొండ యెక్కి స్వామిని దర్శింపవలెననుటయే వాని మ్రొక్కు. సగము దారి యెక్కిన పిమ్మట కాలు జారి రెండు మెట్లు క్రిందికి పడినచో, మ్రొక్కు చెడినదని అలిపిరికి దిగిపోవునా? మోకాలికి గుడ్డ కట్టుకొని అచ్చటినుండియే యెక్కును. అట్లని “ఎట్లును పడుదును గదా” అని కన్నులు మూసుకొనియు నడువడు. పడినను లేచుట వ్రతములోని భాగమే యని గ్రహించినవాడు రెండు తప్పులనుండి తప్పించుకొనును.

మూడు మనస్సులు

వ్యసనము విడిచినవాని మనస్సునకు ఈ పద్ధతి మూడు అవస్థలను చెప్పుచున్నది. మొదటిది వ్యసన మనస్సు. దానికి తన వస్తువు తప్ప వేఱేమియు కనబడదు. రెండవది శుభ్ర మనస్సు. మానివేసితిని, ఇక నన్నేదియు తాకదు అని ధైర్యము చెప్పుకొనునది. పాత మిత్రులతో కూర్చుండినను భయములేదనుకొనును. మూడవది ప్రసన్న మనస్సు. మానివేసినందుకు సంతసించుచు, ప్రమాదము పొంచియున్నదని మఱవనిది. రెండవ అవస్థ మొదటిదానికంటె మోసకరము, దాని రూపము విజయమువలె నుండును గనుక.

నలోపాఖ్యానము మన మెఱిగినదే. నలుని ఆవేశించుటకు కలి కాచుకొనియుండి, పండ్రెండవ యేట అవకాశము పొందినట్లు భారతము చెప్పుచున్నది. ఆ యవకాశ మేది? ఒకనాడు ఆ ధర్మాత్ముడు కాళ్లు కడుగుకొనకయే సంధ్యోపాసన చేసెను. రాజ్యము పోవుట, దమయంతి నడవి పాలు చేయుట మొదలగు మహావిపత్తులన్నియు ఆ చిన్న సందున దూఱివచ్చినవి. మానినవాని జీవితమునను ఇట్టి సందులు కలవు. ఇంటికి దగ్గఱ దారి యుండగా దుకాణమున్న వీథిగుండా నడచుట, పాత స్నేహితుని ఫోన్ సంఖ్యను ‘ఉండనిమ్ము’ అని దాచుకొనుట, అతిథులకొఱకని బీరువాలో ఒక సీసా ఉంచుట: ఒక్కొక్కటి చూడగా ఇందు తప్పేమియు తోచదు. ఐనను కాలు కడుగని చోటు అదియే. ఆ సంఖ్యను చెఱిపివేయవలెను. ఆ సీసాను పాఱబోయవలెను. “నేను మానివేసితిని” అని నలుగురికి చెప్పి, వెనుకకు పోవు వంతెనను తగులబెట్టవలెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమ యూరి సారా దుకాణమును మూయించుటయు, ఆ ఉద్యమము పల్లెపల్లెకు ప్రాకి 1993లో రాష్ట్రమున సారా నిషేధింపబడుటయు పెద్దలకు జ్ఞాపకముండును. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము మాత్రము 1997లో సడలింపబడినది. ఊరి తలుపు తెఱచుట, మూయుట మన చేతిలో లేకపోవచ్చును. ఇంటి తలుపు, జేబు, నడచు దారి మన చేతిలో నున్నవి.

అల వచ్చినపుడు

ఇన్ని జాగ్రత్తలు పడినను కోరిక వచ్చును. అది వచ్చుటయే ఓటమి యని సాధకుడు భయపడును, ఇది పొరపాటు. మార్లాట్ ఆచార్యుడు కోరికను సముద్రపు అలతో పోల్చి, పలకనెక్కి అలపై తేలు క్రీడాకారునివలె దానిపై తేలుమని నేర్పెను. మన తూర్పు తీరమున తెప్ప నడుపు బెస్తవానికి ఈ విద్య పుట్టుకతో వచ్చినది. వాడు అలతో పోరాడడు, వెనుదిరిగి పరుగెత్తడు. తెప్పను దానికెదురుగా నిలిపి, పైకి లేచినపుడు తానును లేచి, దిగినపుడు తానును దిగును. కోరిక కలిగినపుడు కూర్చుండి, అది దేహమున ఎచ్చట నున్నదో చూడవలెను. గొంతు ఎండినదా? పొట్టలో బిగువు కలదా? చేతులు వణకుచున్నవా? పెరుగుచున్నదా, తగ్గుచున్నదా? చూచువాడు చూడబడుదానికంటె వేఱని వేదాంతము చెప్పుచున్నది. కోరికను చూచుచున్నంతసేపు మనము కోరిక కాము. తిండి పెట్టని అల కొంతసేపటికి విరిగితీరును.

అల మిక్కిలి పెద్దదైనచో ఆలోచన పనిచేయదు. అపుడు దేహమునే సాయమడుగవలెను. చన్నీటిలో ముఖమును ముంచి, లేదా చల్లని తడిబట్టను కన్నులపైన, చెక్కిళ్లపైన అదిమి, కొన్ని క్షణములు ఊపిరి బిగబట్టినచో గుండె వేగము తగ్గును. నీట మునిగినపుడు దేహము తనంత తాను శాంతించు సహజధర్మ మిది. (హృద్రోగము కలవారు వైద్యునడిగి చేయవలెను.) వేగముగా నడచుటయు, ఊపిరి పీల్చుటకంటె విడుచుటను దీర్ఘముగా చేయుటయు ఇట్టి ఉపాయములే. మనస్సు ప్రశాంతముగానున్న వేళ ఒక కాగితముపై నాలుగు గడులు గీచి, త్రాగినచో కలుగు లాభము, నష్టము, త్రాగకున్న కలుగు లాభము, నష్టము దాచక వ్రాసికొనవలెను. త్రాగుటలోని లాభమును గూడ నిజాయితీతో వ్రాయవలెను. దానిని కప్పిపుచ్చినచో కోరిక కలిగినవేళ ఆ కాగితమును మనస్సు నమ్మదు. దానిని జేబులో నుంచుకొని అల లేచినపుడు చదువవలెను.

గొలుసును వెనుకకు లెక్కించుట

గీత రెండవ అధ్యాయమున భగవానుడు మనుష్యుని పతనమును ఒక గొలుసుగా చూపెను. విషయచింతనతో మొదలై, సంగము, కామము, క్రోధము, సమ్మోహము, స్మృతిభ్రంశము, బుద్ధినాశము అను కొలుకులమీదుగా అది వినాశమును చేరును. ఇందలి గొప్ప ఉపకార మేమనగా, పతనము ఒక్కసారి జరుగదని తెలియుట. ప్రతి కొలుకువద్దను విడివడుటకు వీలు కలదు. ముందటి కొలుకు సులభముగా తెగును, వెనుకటిది కష్టముతో తెగును.

ఈ చికిత్సలోను గొలుసును పరిశీలించుట ముఖ్యాంగము. జారినవాడు మరునాడు చికిత్సకునితో కూర్చుండి వెనుకకు నడచును. త్రాగుటకు ముందేమైనది? దుకాణమునకు వెళ్లితిని. దానికి ముందు? కార్యాలయమున పై యధికారి పదిమంది యెదుట మందలించెను. దానికి ముందు? రాత్రి నిద్ర లేదు, ఉదయము తిండి లేదు. అట్లు చూడగా మొదటి కొలుకు మద్యము కాదు, నిద్రలేమి యని తేలవచ్చును. గీత ఆఱవ అధ్యాయమున మితాహారము, మితనిద్ర యోగమునకు పునాదులుగా చెప్పబడినవి. వ్యసనవిముక్తికిని అవియే పునాదులు. ఈ పరిశీలనకు తోడ్పడుటకై రోగి ప్రతిదినము ఒక పత్రమున ఆనాటి కోరిక బలమును 0 మొదలు 5 వఱకు అంకెవేసి గుర్తించుకొనును. సాధకులు రాత్రివేళ చేసికొను ఆత్మపరీక్ష వంటిదే యిది.

ఇంటివారి ధర్మము

త్రాగువాని ఇల్లాలికి, తల్లికి, బిడ్డలకు ఈ పద్ధతి నేర్పునది కలదు. ఎదుటివాని బాధ నిజమని చెప్పుట వేఱు, వాని కోరిక తీర్చుట వేఱు. “మీకెంత కష్టముగా నున్నదో నాకు తెలియుచున్నది. ఈ డబ్బు మాత్రము నేనియ్యను” అని భార్య చెప్పినచో, ఆ రెండు వాక్యములును సత్యములే, ఒకటి రెండవదానిని కొట్టివేయదు. అంగీకారమనగా దెబ్బలకు ఓర్చుకొనుట కాదు. ఇంట హింస జరుగుచున్నచోట తనను, బిడ్డలను రక్షించుకొనుటయే స్త్రీకి మొదటి ధర్మము.

మానినవాడును మాటనేర్పు నలవఱచుకొనవలెను. పెండ్లివిందున స్నేహితుడు గ్లాసు చేతికిచ్చినపుడు పెద్ద సంజాయిషీ పనికిరాదు. “నేను మానివేసితినయ్యా, కాఫీ యిప్పింపుము” అనిన చాలును. మరల బలవంతపెట్టిన మరల ఆ మాటయే, అదే స్వరమున చెప్పవలెను. ఇట్టి సందర్భమును ముందే యూహించి, ఇంట ఒకటి రెండు మారులు పలికి చూచుకొని పోవుట మేలు.

హద్దులు

ఈ విద్య అందఱకును ఏకైకౌషధమని చెప్పరాదు. ఇది మొదట తీవ్ర భావోద్వేగములతో బాధపడువారికొఱకు పుట్టినది. వ్యసనముపై దీని తొలి పరీక్షలు చిన్నవి. 1999లో ప్రకటింపబడిన పరీక్షలో పాల్గొన్నవారు 28 మంది స్త్రీలు. ఈ చికిత్స పొందినవారిలో మాదకద్రవ్యముల వాడుక ఎక్కువగా తగ్గినది. 2002 నాటి మఱియొక పరీక్షలో హెరాయిన్‌కు బానిసలైన 23 మంది స్త్రీలుండిరి. అందు ఈ పద్ధతియు, దానితో పోల్చిన వేఱొక పద్ధతియు రెండును మేలుచేసినవి.

మఱొక హెచ్చరిక మిక్కిలి అవసరము. చిరకాలము అధికముగా త్రాగినవాడు వ్రతము పేరిట ఒక్కసారి మానివేసినచో వణకు, మూర్ఛ, సన్నిపాతము కలుగవచ్చును. ప్రాణమునకే అపాయము రావచ్చును. అట్టివాడు వైద్యుని పర్యవేక్షణలోనే మానవలెను. నల్లమందు జాతి మత్తులకు లోబడినవారికి వైద్యులు బుప్రెనార్ఫిన్ వంటి మందులను దీర్ఘకాల మిచ్చుట కలదు. దానిని మఱొక వ్యసనమని నిందించి మాన్పించుట పాపము. మందును, మనోవిద్యయు, దైవభక్తియు ఒకదానికొకటి విరోధులు కావు. సలహా కోరువారికి ప్రభుత్వము 14446 అను వ్యసనవిముక్తి సహాయ సంఖ్యను, 2022లో ప్రారంభింపబడిన ‘టెలి మానస్’ సేవకై 14416 అను సంఖ్యను ఏర్పఱచినది. ఫోన్ చేయుటకు సిగ్గుపడనక్కఱలేదు.

సిగ్గును గూర్చి కడపట ఒక మాట. పడినవాని సిగ్గు వానిని దాగుకొమ్మని ప్రేరేపించును. దాగినచోట మద్యము మరల ఎదురగును. సిగ్గు చెప్పుదానికి విరుద్ధముగా నడువుమని, దాగక పోయి తన్ను ప్రేమించువారితో చెప్పుమని ఈ పద్ధతి బోధించుచున్నది. వనవాసమున యుధిష్ఠిరుడు జూదమున సర్వము పోగొట్టుకొని, తనకంటె దుఃఖితుడు కలడా యని బృహదశ్వ మహర్షినడిగెను. మహర్షి ఆయనను నిందింపలేదు. అదే వ్యసనముచేత పడి, మరల లేచిన నలుని కథ చెప్పెను. ఋతుపర్ణునివలన అక్షహృదయమును గ్రహించిన క్షణముననే కలి నలుని దేహమును విడిచిపోయెను. తుదకు నలుడు మరల పాచికలాడి రాజ్యము గెలిచెనను భాగమును వ్యసనపరులు తమకు ప్రమాణముగా తీసికొనరాదు. మనకు గ్రాహ్యమైనది వేఱు. తన్ను పడవేసినదాని మర్మమును తెలిసికొన్న వేళ కలి నిలువజాలకపోయెను. కథ ముగియగానే మహర్షి ఆ విద్యను యుధిష్ఠిరునకు కూడ ఉపదేశించెను. ఓదార్పుతోబాటు నేర్పును గూడ ఇచ్చెను.

కావున మీ యింటనో, మీ పొరుగుననో పడినవాడున్నచో వానికి ఈ రెండింటిని ఇండు. వాని దుఃఖము నిజమని యొప్పుకొనుడు. వాడు మారగలడనియు నమ్ముడు. పడినవాడు మీరే యైనచో, నిన్నటి వ్రతము భంగమైనదని నేటి వ్రతమును విడువకుడు. ఈ గంటకు పట్టుడు. గంట గడచిన పిమ్మట మరల పట్టుడు. చంచలమైన మనస్సును గూర్చి అర్జునుడు మొఱవెట్టుకొన్నపుడు భగవానుడు దానిని కాదనక, అభ్యాసవైరాగ్యములచేత అది వశమగునని అభయమిచ్చెను. ఆ అభయము నిన్న జారినవానికిని చెందినదే.